జబ్బుకూ ఒక నీటిమట్టం ఉండాలి

నాకు ఆటలమ్మ పోసినప్పుడు ఎనిమిదేళ్ళు. హైదరాబాద్ విద్యానగర్‌లో అద్దె ఇల్లు, ముందు చిన్న వాకిలి, వెనక వేపచెట్టు. పొద్దున లేచేసరికి నా వీపు మీద నాలుగు నీటి పొక్కులు కనబడ్డాయి. నాన్నమ్మ చూసి "అమ్మవారొచ్చింది" అంది. మరో మాట లేకుండా పెరట్లోకి వెళ్ళి వేపమండ విరుచుకొచ్చి గుమ్మానికి కట్టింది. ఆ మండ కట్టిన క్షణం నుంచి మా ఇంటికి రాకపోకలు మారిపోయాయి. పాలవాడు లోపలికి రాకుండా గేటు దగ్గర పెట్టిన గిన్నెలో పాలు పోసి వెళ్ళాడు. పక్కింటి అత్తయ్య గోడ మీంచే పలకరించింది. నా మంచం కిటికీ పక్కకు మారింది, నా కంచం, నా గ్లాసు వేరయ్యాయి. పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టి, వేపాకు, పసుపు వేసిన నీళ్ళు తలమీద పోసేదాకా నాకు బడి లేదు.

నాన్నమ్మకు వైరస్ అనే మాట తెలియదు. కానీ జబ్బు ఉన్న ఇంటికి గుర్తు పెట్టడం, జబ్బు మనిషిని విడిగా ఉంచడం, పెచ్చులు కట్టేదాకా బయటికి పంపకపోవడం తెలుసు. ఈ రోజు ఏ డాక్టరును అడిగినా ఆటలమ్మకు ఇదే చెబుతారు. అయినా రెండు వారాలకు మా తమ్ముడికి వచ్చింది. ఆ వెంటనే ఎదురింట్లో ఇద్దరు పిల్లలకు వచ్చింది. వేపమండ కట్టినా ఎందుకు వచ్చిందన్నది నాకు చాలా ఏళ్ళ తర్వాత, స్టాటిస్టిక్స్ చదువుకునే రోజుల్లో అర్థమైంది. ఆటలమ్మ పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందే అంటుకోవడం మొదలవుతుంది. నాన్నమ్మ నా వీపు చూసేసరికే నేను తమ్ముడితో ఒకే దుప్పట్లో పడుకున్నాను, ఎదురింటి పిల్లలతో దాగుడుమూతలు ఆడాను.

కంటికి కనబడక ముందు ఉండే ఆ రెండు రోజుల గురించే ఇదంతా రాస్తున్నాను.

2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. ఎనిమిది వేల మందికి పైగా సోకి, 774 మందిని పొట్టన పెట్టుకుని, ఆ జూలై కల్లా ఆగిపోయింది. టీకా లేదు, మందు లేదు. అది ఆగడానికి పెద్ద కారణం, ఆ జబ్బు ఎక్కువగా లక్షణాలు బయటపడ్డాకే అంటుకునేది. అంటే నాన్నమ్మ పద్ధతి దానికి సరిపోయింది. జ్వరం వచ్చినవాళ్ళను పట్టుకుని విడిగా ఉంచితే చాలు. 2020లో వచ్చిన కోవిడ్ దాని తమ్ముడే, కానీ లక్షణాలు కనబడక ముందే అంటుకునే గుణం దీనికి ఉంది. దాంతో ప్రపంచమంతా వేపమండలు పట్టుకుని రెండు రోజులు ఆలస్యంగా గుమ్మం దగ్గరికి చేరింది. ఇలాంటి జబ్బును కంటితో పట్టుకోలేం. దానికి లెక్క కావాలి. లెక్క చెప్పిన మాట విని, ఇంకా ఏమీ కనబడనప్పుడే కదిలే ధైర్యం కావాలి. మనకు మొదటిది ఉంది. రెండోదే లేదు.

ఈ లెక్కలకూ మన ఊరికీ ఉన్న చుట్టరికం చాలామందికి తెలియదు. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర రోనాల్డ్ రాస్ అనే డాక్టరు పనిచేసిన ఒక పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని మొదటిసారి చూశాడని, దానికి 1902లో నోబెల్ వచ్చిందని మన పిల్లలు పాఠంలో చదువుతారు. హుసేన్ ఖాన్ అనే రోగి డబ్బులు తీసుకుని దోమలతో కుట్టించుకున్నాడు కాబట్టే ఆ దోమలు రాస్‌కు దొరికాయన్నది పాఠంలో తరచూ ఉండదు. ఆ తర్వాత రాస్ చేసిన పని అసలే ఉండదు. దోమల్ని అదుపు చేయమని ఆయన ఊరూరా చెబుతుంటే, ఒక్క దోమ కూడా మిగలకుండా చంపడం ఎవరి తరం, ఇదంతా దండగ అన్నారు. అప్పుడాయన కాగితం మీద లెక్క కట్టి చూపించాడు. దోమల్ని మొత్తం చంపనక్కర్లేదు. ఒక్కో మనిషికి ఇన్ని దోమలు అనే ఒక గీత ఉంటుంది, దాని కిందికి తెస్తే చాలు. ఆ గీత కింద, ఒక రోగి నుంచి సగటున ఒకరికంటే తక్కువ మందికి జబ్బు వెళ్తుంది. పది మంది ఎనిమిది మంది అవుతారు, ఎనిమిది ఆరు అవుతుంది, జబ్బు దానంతట అదే ఆరిపోతుంది.

2020లో టీవీలో అందరూ 'ఆర్ విలువ' అని చెప్పింది ఈ గీత గురించే. ఒకటి పైన ఉంటే పెరుగుతుంది, కింద ఉంటే తగ్గుతుంది.

1901లో రాస్‌తో కలిసి సియెర్రా లియోన్ వెళ్ళిన కుర్ర డాక్టరు ఒకాయన ఉన్నాడు, మెకెండ్రిక్. తర్వాత ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేశాడు. ఆయన, ప్రయోగశాలలో జరిగిన ప్రమాదంలో చూపు పోగొట్టుకున్న కెర్మాక్ కలిసి 1927లో ఒక వ్యాసం రాశారు. జనాన్ని మూడు కుప్పలు చేయండి అన్నారు. ఇంకా జబ్బు రానివాళ్ళు, ఇప్పుడు జబ్బుతో ఉన్నవాళ్ళు, వచ్చి పోయినవాళ్ళు లేదా చనిపోయినవాళ్ళు. మొదటి కుప్పలోంచి రెండోదాంట్లోకి, రెండోదాంట్లోంచి మూడోదాంట్లోకి మనుషులు ఎంత వేగంగా జరుగుతారో రాసుకుంటే మహమ్మారి ఎక్కే కొండ, దిగే కొండ రెండూ గీయొచ్చు. ఈ రోజు పెద్ద పెద్ద కంప్యూటర్ల మీద నడిచే మోడళ్ళలో చాలావాటికి ఇదే పునాది. ఆ లెక్క నిజానికి సరిపోతుందా లేదా అని చూడటానికి వాళ్ళు తీసుకున్నది 1905-06లో బొంబాయి ప్లేగు మరణాలను. నేను క్లాసులో ఆ గ్రాఫు బోర్డు మీద గీసిన ప్రతిసారీ పిల్లలకు ఒక మాట చెబుతాను, ఈ చుక్కలన్నీ వారం వారం బొంబాయిలో పోయిన మనుషులు అని. అది చెప్పకుండా ఆ గ్రాఫు గీయడం నాకు చేతకాదు.

ఇక 2021 ఏప్రిల్ సంగతి.

మా పెద్దమ్మ మనవడు లాక్‌డౌన్‌లో పుట్టాడు. 2020 ఏప్రిల్‌లో. ఇరవై ఒకటో రోజు చేయలేదు, ఎవరూ వచ్చి ఎత్తుకోలేదు. అందుకని మొదటి పుట్టినరోజు ఘనంగా చేయాలని పెద్దమ్మ పట్టుబట్టింది. ఏప్రిల్ 11, ఆదివారం. ఫంక్షన్ హాలు మాట్లాడారు, నూట యాభై మందికి భోజనాలు. రాష్ట్రంలో ఆ నెల మొదటి తారీఖున రోజుకు వెయ్యికి కాస్త లోపు కేసులు. శనివారం నాటికి మూడు వేల దగ్గరికి వచ్చాయి. నా రఫ్ నోటుబుక్కులో రాసుకున్నాను, తొమ్మిది రోజుల్లో మూడింతలు, అంటే దాదాపు ఆరు రోజులకొకసారి రెట్టింపు. ఇలాగే పోతే 22వ తారీఖుకు పన్నెండు వేలు.

పైగా బులెటిన్‌లో కనబడే సంఖ్య పాత పోస్టులో వచ్చిన ఉత్తరం లాంటిది. ఈ రోజు అంటుకుంటే లక్షణాలు రావడానికి సుమారు ఐదు రోజులు. అవి వచ్చాక రెండు రోజులు పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవడం, ఆ తర్వాత టెస్టు, ఆ పైన రిపోర్టు. మనం శనివారం చదివింది పది రోజుల నాటి క్షేమసమాచారం. ఆ పది రోజుల్లో జబ్బు మళ్ళీ మూడింతలై ఉంటుంది, మనకు ఉత్తరం అందదు, అంతే.

ఇంకో లెక్క కూడా వేశాను. ఊళ్ళో నూటికి ఒక్కరు జబ్బు అంటించే స్థితిలో ఉన్నారనుకుందాం. నూట యాభై మంది చేరిన హాల్లో అలాంటివాళ్ళు కనీసం ఒక్కరైనా ఉండే అవకాశం 78 శాతం. అదే నలభై మందిని పిలిస్తే 33 శాతం. పండగ మానేయమని చెప్పనక్కర్లేదు, పిలుపులు తగ్గించి మేడ మీద చేసుకుంటే చాలు. ఇది చెబుదామని ఫోన్ చేశాను.

"ఏమ్మా, పొద్దున్నే ఫోన్ చేసినవ్?" అంది పెద్దమ్మ.

నేను చెప్పింది అంతా విన్నది. విని, "సగం మందికి వచ్చిపోయిందట కదా బిడ్డా, పేపర్ల రాలేదా? ఇప్పుడేముందని భయం? పోరనిని ఏడాదైంది, ఒక్కరు ముట్టుకోలే. నువ్వు లెక్కలు చూసి జాతకం చెప్తున్నవా?" అంది.

పేపర్లో వచ్చిన మాట నిజమే. జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, టీకాల కంపెనీ భారత్ బయోటెక్ కలిసి ఊళ్ళో ముప్ఫై వార్డుల్లో దాదాపు తొమ్మిది వేల మంది రక్తం పరీక్షించి, 54 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నాయని మార్చి మొదట్లో చెప్పాయి. వాళ్ళలో డెబ్బై ఐదు శాతం మందికి తమకు జబ్బు వచ్చిన సంగతే తెలియదు. మా స్టాఫ్ రూములో ఆ రోజు అందరి ముఖాలూ వెలిగిపోయాయి. నా ముఖం కూడా. అదే పాత లెక్క ఇక్కడా పనికొస్తుందని నేను ఆలోచించలేదు. ఒకరి నుంచి రెండున్నర మందికి సోకే జబ్బు ఆగడానికి నూటికి అరవై మందికి రక్షణ ఉంటే సరిపోతుంది. ఒకరి నుంచి ఐదుగురికి సోకితే ఎనభై మందికి ఉండాలి. వైరస్ రూపం మారి వేగం పెరిగితే మన యాభై నాలుగు ఏ మూలకూ చాలదు. పైగా ఒకసారి వచ్చిపోయినవాళ్ళకు మళ్ళీ రాదన్న హామీ కూడా లేదు. అప్పుడు జరిగింది ఇదే. తర్వాత డెల్టా అని పేరు పెట్టారు.

నేను ఇంకో రెండు మాటలు చెప్పి ఊరుకున్నాను. ఆదివారం నేను కూడా వెళ్ళాను. పిల్లవాణ్ణి ఎత్తుకున్నాను. ఏసీ హాలు, తలుపులన్నీ మూసి ఉన్నాయి, మాస్కులన్నీ గడ్డాల కిందికి దిగాయి. మా బాబాయి వడ్డన దగ్గర నిలబడి అందరినీ కొసరి కొసరి తినిపించాడు. గురువారానికి ఆయనకు జ్వరం. ఆ పై వారం ఆక్సిజన్ పడిపోతుంటే ఊరంతా తిరిగాం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మంచం ఉందన్నారు, గేటు లోపలికి రానివ్వడానికి ముందే లక్షల్లో అడ్వాన్సు కట్టమన్నారు, కట్టాం. మే మొదటి వారంలో పోయాడు. అరవై రెండేళ్ళు. ఆ హాల్లోనే అంటుకుందని నేను చెప్పలేను, కాలేజీకి వెళ్ళొచ్చే దారిలో నేనే తెచ్చి ఇచ్చానేమో కూడా తెలియదు. పెద్దమ్మ ఈ రోజుకూ ఆ పుట్టినరోజు ఫొటోలు చూడదు.

రాష్ట్రంలో రోజువారీ కేసులు పదివేలు దాటింది ఏప్రిల్ 26న, 10,122. నేను 22కే పన్నెండు వేలు అనుకున్నాను. అంటే నా లెక్క తప్పు. కానీ తప్పిన నాలుగైదు రోజుల వల్ల చేయాల్సిన పని ఏమైనా మారేదా? ఆ శనివారం పిలుపులు తగ్గించాలన్న నిర్ణయం రెండు సంఖ్యలకూ ఒకటే. మోడల్ నుంచి మనకు కావాల్సింది ఈపాటి సాయమే. దశాంశ స్థానాల దాకా సరిగ్గా చెప్పకపోయినా, ఎటు పోతోంది, ఎంత వేగంగా పోతోంది, ఇంకా ఎన్ని రోజుల సమయం ఉంది అని చెబితే చాలు.

ఇప్పుడు ఆ నెల తారీఖులు చూడండి. బడులు మార్చి 24న మూశారు. అది మంచి పని, సమయానికి చేశారు. రాత్రి కర్ఫ్యూ ఏప్రిల్ 20న వచ్చింది, అదీ హైకోర్టు గట్టిగా అడిగాక. లాక్‌డౌన్ మే 12న. అధికార లెక్కల్లో ఆ అల శిఖరం దాటిన పదహారు రోజులకు. పరీక్షలు తక్కువ చేశారని, అసలు శిఖరం ఎక్కడుందో ఎవరికీ తెలియదని అంటే ఒప్పుకుంటాను. అయినా, ఆరు రోజులకు రెట్టింపయ్యే జబ్బులో మూడు వారాలు ఆగడమంటే పది రెట్లు దాటనివ్వడం. ఆసుపత్రి మంచాలు పది రెట్లు పెరగవు. మంచం దొరకక పోయినవాళ్ళు పోయింది వైరస్ వల్ల మాత్రమే కాదని నేను నమ్ముతాను. ఆ మూడు వారాలు కూడా వాళ్ళను చంపాయి.

ఇదేమీ కొత్త పాఠం కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా అప్పుడు అమెరికాలో ఫిలడెల్ఫియా ఊరు జబ్బు మొదలయ్యాక కూడా సెప్టెంబరు 28న పెద్ద ఊరేగింపు జరిపింది. సెయింట్ లూయిస్ ఊళ్ళో కేసులు కనబడ్డ కొద్ది రోజులకే బడులు, సినిమా హాళ్ళు, సభలు ఆపేశారు. జబ్బు తీవ్రంగా ఉన్న వారంలో లక్ష మందికి ఫిలడెల్ఫియాలో 257 మంది, సెయింట్ లూయిస్‌లో 31 మంది పోయారు. అదే జబ్బు, అదే దేశం. తేడా ఎక్కువగా తారీఖుల్లోనే ఉంది.

మరి మోడళ్ళు తప్పాయి కదా, వాటిని ఎలా నమ్మాలి అని మా స్టాఫ్ రూములో అడుగుతారు. అడగాల్సిందే. పైగా ఆ తప్పు మన ఊరి పక్కనే జరిగింది. కేంద్రం వేసిన కమిటీకి ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ విద్యాసాగర్ అధ్యక్షుడు. జాగ్రత్తలన్నీ పాటిస్తే 2021 ఫిబ్రవరి కల్లా జబ్బు అదుపులోకి వస్తుందని 2020 అక్టోబరులో ఆ కమిటీ చెప్పింది. రెండో అల శిఖరం రోజుకు లక్ష కేసుల దగ్గర ఉండొచ్చని తర్వాత అంచనా వేశారు, మే మొదటి వారంలో దేశంలో ఒక్క రోజులో నాలుగు లక్షలు దాటాయి. మా అంచనా తప్పింది అని వాళ్ళే రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం నాకు గౌరవంగా అనిపించింది. కానీ అంత పెద్ద దేశానికి ఒకే ఒక మోడల్ మీద ఆధారపడటం, అందులోంచి ఒక తారీఖు తీసి ఊరంతా చాటడం పొరపాటు. కేసుల సంఖ్య మీద నడిచే లెక్కకు కొత్త రకం వైరస్ ఎప్పుడు పుడుతుందో తెలిసే దారి లేదు. నాలుగైదు బృందాలు వేరువేరుగా లెక్కలు వేసి, అంకెలతో సహా అందరి ముందూ పెట్టి, ఒకరినొకరు తప్పు పట్టుకునేలా ఉంటే, ఫిబ్రవరికి అయిపోతుంది అన్న ధీమా మనకు అంత సులభంగా వచ్చేది కాదు.

ఇంకో సంగతి. చిన్నప్పుడు తెలుగు వ్యాకరణంలో చేదర్థకం చదువుకున్నాం. వానలు పడితే పంటలు పండుతాయి. మోడల్ మాట్లాడేది ఎప్పుడూ చేదర్థకంలోనే. 'జాగ్రత్తలు పాటిస్తే ఫిబ్రవరికి తగ్గుతుంది' అన్న వాక్యం పేపర్లోకి, పేపర్లోంచి మా స్టాఫ్ రూములోకి, అక్కడి నుంచి పెద్దమ్మ ఫోన్లోకి వచ్చేసరికి 'ఫిబ్రవరికి తగ్గుతుంది' అయిపోయింది. 'పాటిస్తే' దారిలో ఎక్కడో జారిపోయింది. బ్రిటన్‌లో దీనికి అటువైపు జరిగింది. ఏమీ చేయకుండా ఊరుకుంటే ఐదు లక్షల పైన పోతారని 2020 మార్చి 16న ఇంపీరియల్ కాలేజీ బృందం చెప్పింది. ప్రభుత్వం వారం రోజుల్లో దేశాన్ని మూసింది. అంతమంది పోలేదు. దాంతో ఆ లెక్క వేసిన ఫెర్గూసన్‌ను జనం భయపెట్టినవాడని తిట్టారు. అక్కడ 'ఊరుకుంటే' జారిపోయింది. ఒక వారం ముందే మూసి ఉంటే పోయినవాళ్ళలో కనీసం సగం మంది బతికేవాళ్ళని ఆయన ఆ జూన్‌లో పార్లమెంటు కమిటీకి చెప్పాడు.

ముందుగా కదలడంలో ఉన్న కష్టం ఇదే. సరిగ్గా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే ఎందుకు చేశారని అడుగుతారు.

కానీ మన ఊళ్ళోనే ఒక విషయంలో మనం ఇలా అడగం. వానాకాలంలో పేపరు తీస్తే ఉస్మాన్‌సాగర్ నీటిమట్టం ఇంత, హిమాయత్‌సాగర్ ఇంత అని ఉంటుంది. ఒకటి 1,790 అడుగులు, రెండోది 1,763.50 అడుగులు నిండు మట్టం. పైనుంచి ఎంత వరద వస్తోందో లెక్క కట్టి, నిండకముందే గేట్లు ఎత్తుతారు. మూసీ మీద కిందుగా ఉన్న వంతెనల మీద రాకపోకలు ఆపేస్తారు, చాదర్‌ఘాట్ దగ్గర ఒడ్డున ఉన్నవాళ్ళను లేపి పంపిస్తారు. గేట్లు ఎత్తాక వరద రాకపోతే, అనవసరంగా ఎత్తారని ఎవరూ గొడవ చేయరు. ఎందుకంటే ఈ ఊరు 1908 సెప్టెంబరు 28ని చూసింది. మూసీ ఒక్క రాత్రిలో వేల మందిని తీసుకుపోయింది. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిచారు, ఆ రెండు చెరువులు కట్టారు, వాటికి మట్టాలు రాశారు. ఎంత దాటితే గేటు ఎత్తాలో ముందే రాసిపెట్టి ఉంది కాబట్టి, అర్ధరాత్రి వానలో నిలబడిన ఇంజనీరు ఎవరినీ ఒప్పించనక్కర్లేదు.

జబ్బుకు అలాంటి మట్టం మనం ఇంకా రాసుకోలేదు. అందుకే ప్రతిసారీ వరద వచ్చాక మీటింగు పెట్టుకుంటాం. నేను కోరేది ఇదొక్కటే. ఏ అంకె ఏ మట్టం దాటితే ఏ పని మొదలవుతుందో జబ్బు లేని రోజుల్లో, తల చల్లగా ఉన్నప్పుడు కూర్చుని రాసి, గోడకు అంటించాలి. ఈ మట్టానికి హాళ్ళలో జనం యాభైకి తగ్గాలి. ఈ మట్టానికి బస్సుల్లో, ఆఫీసుల్లో మాస్కు. ఇంకాస్త పైన జ్వరం ఉన్నవాళ్ళకు జీతంతో ఐదు రోజుల సెలవు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య నాలుగిళ్ళలో పనిచేస్తుంది. 2021లో ఆమెకు జ్వరం వస్తే నాలుగో రోజే పనికి వచ్చింది. రానంటే పని పోతుందని భయం. ఆమెకు ఐదు రోజుల కూలి ఇవ్వడానికి అయ్యే ఖర్చు, తర్వాత ఆ నాలుగిళ్ళు ఆసుపత్రుల్లో పోసిన దాంట్లో ఎన్నో వంతో నేను లెక్క వేయదలచుకోలేదు.

ముందస్తు అనగానే లాక్‌డౌన్ గుర్తొస్తుంది, అక్కడే జనం మండిపడతారు. న్యాయమే. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి చెప్పి, నాలుగు గంటల్లో దేశమంతా ఆపేశారు. అప్పటికి దేశంలో ఐదొందల చిల్లర కేసులు. తారీఖు చూస్తే తొందరగానే కదిలారు. కానీ గేటు ఎత్తేటప్పుడు దిగువన ఎవరున్నారో చూడకపోతే ఆ నీళ్ళే మనుషుల్ని ముంచుతాయి. మేడ్చల్ వైపు నాగ్‌పూర్ రోడ్డు మీద పిల్లల్ని భుజాన వేసుకుని నడిచిపోయినవాళ్ళను నేను చూశాను. వాళ్ళ కోసం దేశంలో మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది మన లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హతియాకు, దాదాపు 1,200 మందితో. కంది దగ్గర ఐఐటీ కట్టడాల్లో పనిచేసిన కూలీలు వాళ్ళు. కానీ అది మే 1న. అప్పటికి ఐదు వారాలు దాటాయి. మోడల్ ఇచ్చిన రోజులతో ఏం చేయాలో కూడా మోడల్‌లో భాగంగానే ఆలోచించి ఉండాల్సింది. అందరినీ ఒకేసారి ఆపడం కంటే, ఎక్కడ పెరుగుతోందో అక్కడ, పెరగడం మొదలైనప్పుడే, చిన్నగా ఆపడం మేలు. దానికి ఊరి మొత్తానికి ఒక సంఖ్య చాలదు, వార్డు వార్డుకూ కావాలి.

అది కూడా మన ఊరు చేసి చూపించింది. 2020లో తార్నాక పక్కనున్న సీసీఎంబీ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు ఊళ్ళోని మురుగు శుద్ధి కేంద్రాల నుంచి నీళ్ళు తెచ్చి అందులో వైరస్ ఆనవాళ్ళు కొలిచారు. గడిచిన ముప్ఫై అయిదు రోజుల్లో నగరంలో ఆరు లక్షల మందికి పైగా సోకి ఉంటుందని ఆగస్టులో అంచనా కట్టారు. అప్పటికి రాష్ట్రం మొత్తం అధికార లెక్క ఇంకా లక్ష దరిదాపుల్లోనే ఉంది. టెస్టు అంటే భయపడినవాళ్ళు, డబ్బులు లేనివాళ్ళు, లక్షణాలే లేనివాళ్ళు టెస్టు లెక్కల్లో ఉండరు. కానీ బాత్‌రూముకు అందరూ వెళ్తారు. ఎవరి పేరూ అడగకుండా, ఎవరి ముక్కులోనూ పుల్ల పెట్టకుండా వారానికి రెండుసార్లు నాలుగు సీసాల నీళ్ళు పట్టుకుంటే, ఆసుపత్రి ముందు క్యూ కనబడక ముందే ఏ వైపు నుంచి వస్తోందో తెలుస్తుంది. నాన్నమ్మకు దొరకని ఆ రెండు రోజులు ఆ సీసాల్లో ఉన్నాయి. ఆ సంఖ్యను చెరువు నీటిమట్టం పక్కనే, అదే పేజీలో, రోజూ వేయమని నా కోరిక. ఖర్చు కూడా పెద్దదేం కాదు. శాస్త్రవేత్తలు ఇక్కడే ఉన్నారు, పరికరాలు ఇక్కడే ఉన్నాయి.

2021 మేలో జ్వర సర్వే జరిగినప్పుడు ఒక ఆశా కార్యకర్త మా ఇంటికి వచ్చింది. ఎర్రటి ఎండ. చేతిలో రిజిస్టరు, భుజానికి మందుల కిట్లున్న సంచి. మంచినీళ్ళు ఇస్తే మెట్ల మీద దూరంగా కూర్చుని తాగింది. మా బాబాయి పోయి అప్పటికి వారం. "ఇంట్లో ఎవరికన్నా జ్వరమున్నదా అమ్మా?" అని అడిగింది. ఆమె అడిగింది సరైన ప్రశ్న. రాయడం, మందు ఇవ్వడం, మళ్ళీ మూడో రోజు వచ్చి చూడటం అన్నీ సరిగ్గా చేసింది. అదే మనిషిని, అదే రిజిస్టరుతో, ఏప్రిల్ మొదటి వారంలో పంపి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు నేను ఉండేది నల్లకుంటలో, ఫీవర్ ఆసుపత్రి దగ్గర. కాగితాల మీద దాని పేరు సర్ రోనాల్డ్ రాస్ ఉష్ణమండల, అంటువ్యాధుల సంస్థ. బస్తీలో పెద్దవాళ్ళు కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అన్న మాటే మన నోళ్ళలో నలిగి కోరంటి అయింది. ప్లేగు రోజుల నుంచి ఈ ఊరికి ఆ మాట తెలుసు, మన వాడకంలో ఉంది. వానాకాలంలో డెంగీ మొదలైతే మొదట తెలిసేది ఆ గేటు దగ్గరే. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమయ్యేదాకా వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి నిలవ నీళ్ళు పారబోస్తే చాలు. ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని 2020లో చెప్పింది ఆ లెక్క మీదే. రాస్ గీసిన గీత కిందికి తేవడానికి బకెట్టు బోర్లిస్తే సరిపోతుంది, కానీ జూన్‌లో బోర్లించాలి.

పొద్దున నడకకు వెళ్ళేటప్పుడు ఓపీ క్యూలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి అదే రఫ్ నోటుబుక్కులో రాస్తున్నాను, మూడేళ్ళుగా. జూలై రెండో వారం దాకా క్యూ షెడ్డు లోపలే ఉంటుంది. మొన్న సోమవారం షెడ్డు దాటి గేటు దాకా వచ్చింది. ఇంటికి రాగానే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టి, మేడ మీదకెళ్ళి రెండు ట్యాంకుల మూతలు చూశాను. ఒకదానికి మూత లేదు.